ఓపీ కౌంటర్‌లో కూర్చోబోయే మా అమ్మలుకి

అమ్మలూ,

సోమవారం నుంచి హాస్పిటల్ రిసెప్షన్ అన్నావు. నవ్వుతూ పలకరించమని అందరూ చెప్పే ఉంటారు. అది నాలుగు రోజుల్లో అలవాటవుతుంది. అసలు పని పేరు సరిగ్గా ఎక్కించడం.

కొత్త పేషెంట్ వస్తే ఆధార్ గానీ, ఇంకో గుర్తింపు కార్డు గానీ చూసి అందులో ఉన్నట్టే ఇంటిపేరు, పేరు, వయసు కొట్టు. కార్డులో ‘వెంకట లక్ష్మి’ ఉంటే చీటీలో ఉత్త ‘లక్ష్మి’ అని రాస్తే ఆ రోజు ఏమీ కాదు. అడ్మిట్ అయ్యాక ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ ఆపినప్పుడు బయటపడుతుంది. పాతవాళ్లను ఫోన్ నంబరుతో వెతికితే ఒకే నంబరు మీద అత్త, కోడలు, మనవడు ముగ్గురూ కనిపిస్తారు. తొందరలో పైన కనిపించిన పేరు నొక్కావంటే అత్తగారి రిపోర్టులు కోడలి ఫైల్లో చేరతాయి. “లక్ష్మి గారేనా?” అని అడక్కు. వినపడకపోయినా తలూపేస్తారు. “మీ పేరు, వయసు చెప్పండి” అని వాళ్ల నోటితోనే చెప్పించు.

“డాక్టర్ గారు ఎప్పుడొస్తారు?” రోజంతా ఇదే గోల. “పది నిమిషాలు” అనకు, పదకొండో నిమిషానికి అబద్ధాలకోరువి నువ్వే అవుతావు. “ఆపరేషన్‌లో ఉన్నారు, మీకు ముందు ఏడుగురున్నారు” అను. అరగంటకోసారి, వాళ్లు లేచి రాకముందే నువ్వే చెప్పు. సగం గొడవలు అక్కడే ఆగుతాయి.

ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే టోకెన్, ఫీజు మాటే ఎత్తకు. వీల్‌చైర్ పిలిచి క్యాజువాలిటీకి, అంటే ఎమర్జెన్సీ వార్డుకు పంపి, అక్కడికి ఫోన్ చెయ్యి. వివరాలు వెంట వచ్చినవాళ్లు చెప్తారు. యాక్సిడెంట్, పురుగుల మందు, కాలిన గాయాలైతే మెడికో లీగల్ కేసని, అంటే పోలీసులకు చెప్పాల్సిన కేసని డ్యూటీ డాక్టరు రాసుకుంటారు. ఎందుకు తాగారని కౌంటర్ దగ్గర ఆరా తీయకు.

షిఫ్ట్ ఎక్కేముందు డ్రాయర్‌లో డబ్బు నోట్లవారీగా రాసి, దిగిపోయేవాళ్లతో సంతకం పెట్టించాకే కూర్చో. యూపీఐ చేశామని చూపించే స్క్రీన్ నమ్మకు, మన సౌండ్‌బాక్స్ పలకాలి. పలక్కపోతే వాళ్ల ఫోన్‌లో ఆ చెల్లింపుకు ఉండే 12 అంకెల యూటీఆర్ నంబరు రాసుకుని అకౌంట్స్‌ని అడుగు. బిల్లు తప్పు పడితే దాచొద్దు. కారణం రాసి సూపర్‌వైజర్‌తో క్యాన్సిల్ చేయించు.

“క్యాష్‌లెస్ వస్తుందా?” అంటే, అదే బిల్లు ఇన్సూరెన్స్ వాళ్లే నేరుగా కడతారా అంటే, “అప్రూవల్ వస్తేనే” అను, అంతే. ఆరోగ్యశ్రీ అయితే ఆ పథకం పని చూసే ఆరోగ్యమిత్ర దగ్గరికి పంపు. స్కానింగ్‌కు వచ్చినవాళ్లు కడుపులో పాపా బాబా అని గుసగుసలాడితే సరదాకైనా జవాబివ్వకు, లింగ నిర్ధారణను నిషేధించే 1994 చట్టం ప్రకారం అది నేరం. ఎవరు అడ్మిట్ అయ్యారో ఫోన్‌లో అడిగేవాళ్లకూ చెప్పకు, చుట్టాలమన్నా సరే.

మొదట్లో జీతం తక్కువే. ఏడాది తిరిగాక ఇన్సూరెన్స్ డెస్క్ అడిగి తీసుకో. ప్రీ ఆథరైజేషన్ ఫారం, అంటే వైద్యానికి ముందే ఇన్సూరెన్స్ వాళ్ల అనుమతి అడిగే ఫారం నింపడం, వాళ్ల క్వెరీలకు జవాబు పంపడం వస్తే ఏ హాస్పిటలైనా పిలుస్తుంది. కౌంటర్ ఒక్కటే తెలిస్తే ఐదేళ్లకూ అదే కుర్చీ. నైట్ డ్యూటీకి హాస్పిటల్ బండి ఉందో లేదో చేరకముందే హెచ్‌ఆర్ చేత రాయించుకో.

మీ పెద్దత్త