ముందు గాజులోని మనిషి

పర్లాకిమిడి

చిట్టితల్లీ,

బరంపురంలో నువ్వు ప్రచండ్ హెలికాప్టర్ యుద్ధ దృశ్యాన్ని ఆరడుగుల కాన్వాసు మీద వేయబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దుకాణాల బోర్డులు రాసుకుని బతికిన ఇల్లు మనది. గర్వం ఎంత ఉందో బెంగా అంతే ఉంది.

కాన్వాసు బిగువుగా కట్టు. ముందు పెన్సిలుతో గీసుకో. టర్పెంటైన్ గిన్నె పొయ్యి దగ్గర పెట్టావని తెలిస్తే ఊరుకోను. కిటికీలు తెరిచే ఉంచు, నా దగ్గు నువ్వు వింటూనే పెరిగావు.

ముప్ఫై ఏళ్ల కిందట నేను ఎంఐ-25 అనే యుద్ధ హెలికాప్టర్ బొమ్మ వేశాను. పైన తిరిగే రెక్కలు ఐదూ లెక్కపెట్టి మరీ వేశాను. రాకెట్ల మంటలకే పదకొండు రోజులు పట్టింది. ఆ హెలికాప్టర్‌లో ముందు, కింద ఆయుధాలు పేల్చేవాడు కూర్చుంటాడు. వెనక, కాస్త ఎత్తులో పైలట్. నేను పైలట్‌ను వేసి, ముందు గాజుకు నీలం పులిమేశాను. ఆకాశం మెరుపులో లోపలి మనిషి కనబడడులే అనుకున్నాను. నిజానికి ఓపిక అయిపోయింది.

బొమ్మ చూడటానికి వాయుసేనలో పనిచేసిన పెద్దాయన ఒకరు వచ్చారు. 1987లో శ్రీలంకలో ఎంఐ-25లో ఎగిరినవారు. చాలాసేపు నిలబడి, ఆ నీలం మీద వేలు ఆనించి, "నేను ఇక్కడ కూర్చునేవాణ్ని" అన్నారు. కోపం లేదు. రంగు ఇంకా ఆరలేదు, వేలిముద్ర పడింది. ఆ రాత్రే గాజు గీకి మనిషిని వేశాను. ఆయన మళ్లీ రాలేదు.

ప్రచండ్‌లోనూ ఇద్దరు, ఒకరి వెనక ఒకరు. ముక్కు కింది 20 మిల్లీమీటర్ల తుపాకీ లోపలి మనిషి శిరస్త్రాణం తిరిగిన వైపే తిరుగుతుంది. కాబట్టి తుపాకీ ఒకవైపు, తల ఒకవైపు వేయకు. నాలుగు రెక్కలనూ కత్తుల్లా నిలబెట్టకు, గాలిలో కరిగిపోవాలి. అది 2022లో వాయుసేనలో చేరింది జోధ్‌పూర్‌లో. నీ బొమ్మ ఎడారిదైతే మన మహేంద్రగిరి దారి ఎర్ర దుమ్ము పనికిరాదు.

మొండిదానివి, మంటలతోనే మొదలుపెడతావు. వద్దు తల్లీ. ముందు ఆ ఇద్దరి ముఖాలు వెయ్యి. రంగు ఆరకముందే ఫోను చెయ్యి, మొదటి బస్సుకే వస్తాను.

మీ తాతయ్య