లింకు నొక్కితే మీ పేజీయే రావాలి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే చిక్కు గురించి: సోషల్ మీడియాలో మన పేజీకి దారి చూపించడం. అడ్రసులు ఇక్కడ తెలుగు లిపిలో అచ్చు వేస్తున్నాం. ఫోన్‌లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టాలి.

ప్రశ్న: ఇంటిల్లిపాదీ చెక్క గరిటెలు, స్పూన్లు చేస్తాం. ఫొటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతున్నాం. చెన్నై, బెంగళూరు వాళ్లు పేరు కొట్టి వెతికితే వేరేవాళ్ల పేజీలు వస్తున్నాయంటున్నారు. పొట్లంలో పెట్టే కార్డు మీద లింకు వేయిద్దామంటే అదేమో రెండు లైన్లు ఉంది. ఏం వేయించాలి?
— ఒక పాఠకురాలు, ఉదయగిరి

జవాబు: మీ ప్రొఫైల్ తెరిచి 'షేర్ ప్రొఫైల్' నొక్కండి, అందులో 'కాపీ లింక్' ఉంటుంది. కాపీ అయినదాన్ని వాట్సాప్‌లో మీకు మీరే పంపుకుని తీరిగ్గా చూడండి. మొదట ఇన్‌స్టాగ్రామ్.కామ్, తర్వాత ఏటవాలు గీత (స్లాష్), ఆ పక్కన మీ యూజర్‌నేమ్ ఉంటాయి. అక్కడితో మీ అడ్రసు అయిపోయింది. ఆ తర్వాత ప్రశ్న గుర్తు, దాని వెనక 'ఐజీఎస్‌హెచ్' అని మొదలయ్యే తోక ఉంటుంది. అది షేరింగును గుర్తుపట్టడానికి కంపెనీ తగిలించుకునేది, మీకు పనికిరాదు. ప్రశ్న గుర్తు దగ్గర్నించి చివరిదాకా చెరిపేయండి. ముందుండే హెచ్‌టీటీపీఎస్, మూడు డబ్ల్యూలు కూడా కార్డు మీద అక్కర్లేదు. ఇంక ఒక్క లైనులో పడుతుంది.

వెతికితే దొరకకపోవడానికి కారణం చాలావరకు యూజర్‌నేమే. పైన లావుగా కనిపించే పేరు ఎంతమందికైనా ఒకటే ఉండొచ్చు, యూజర్‌నేమ్ మాత్రం ఒక్కరికే. అందులో అక్షరాలు, అంకెలు, చుక్క, అండర్‌స్కోర్ (అడుగున పడే చిన్న గీత) పడతాయి, మొత్తం 30 దాటకూడదు. మీ యూజర్‌నేమ్ చివర రెండు అండర్‌స్కోర్లు ఉంటే ఇప్పుడే మార్చేయండి. ఫోన్‌లో చెప్పేటప్పుడు అవి ఎవరికీ అర్థం కావు. అచ్చులో ఇంకా ఘోరం: డిజైనర్ లింకును నీలంరంగు చేసి కింద గీత గీస్తాడు, అండర్‌స్కోర్ ఆ గీతలో కలిసి మాయమైపోతుంది. కొన్న ఆవిడ కార్డు ముందు పెట్టుకుని అక్షరం అక్షరం సరిగ్గానే కొడుతుంది, పేజీ మాత్రం రాదు. అందుకని ప్రింటింగ్ ప్రెస్‌లో 'కింద గీత వద్దు' అని ముందే చెప్పండి. సున్నాకీ 'ఓ'కీ, ఒకటికీ చిన్న 'ఎల్'కీ తేడా తెలియని అక్షరాలు కూడా వద్దనండి.

పేరు మార్చడమంటూ ఉంటే కార్డులు వేయించకముందే మార్చాలి. మార్చిన క్షణం నుంచి పాత లింకు పనిచేయదు, కొత్తదానికి దానంతటది మళ్లదు. 14 రోజుల్లోపైతే చాలాసార్లు పాత పేరుకి వెనక్కి వెళ్లొచ్చు. ఆ తర్వాత అది ఇంకొకరి చేతికి పోవచ్చు, అప్పుడు మీరు పంచిన కార్డులన్నీ వాళ్ల పేజీకి దారి చూపిస్తాయి.

అకౌంటు ప్రైవేటులో ఉందేమో కూడా చూసుకోండి. ఉంటే లింకు తెరుచుకుంటుంది గానీ ఒక్క గరిటె ఫొటో కూడా కనిపించదు. మీ ఫోన్‌లో నొక్కి చూసుకుంటే ఇది తెలియదు, మీకు మీ పేజీ ఎప్పుడూ కనిపిస్తుంది. మిమ్మల్ని ఫాలో కాని వాళ్ల ఫోన్‌లో నొక్కించి చూడండి. ప్రూఫు కాగితం చేతికొచ్చాక దాన్ని చూస్తూ ఇంకొకరిచేత కొట్టించండి. ఈ రెండూ అయ్యాకే ప్రింటుకి సరే అనండి.

ప్రశ్న: ప్రశ్న గుర్తు తర్వాతది తీసేయాలని ఎవరో చెబితే నా ఫేస్‌బుక్ లింకుకీ అలాగే చేశాను. ఇప్పుడు ఎవరు నొక్కినా వాళ్ల ప్రొఫైలే వాళ్లకి వస్తోందంట. ఇదేం విడ్డూరం?
— ఒక పాఠకుడు, కావలి

జవాబు: పైన మేం చెప్పిన కత్తిరింపు ఫేస్‌బుక్ దగ్గర ఇలా ఎదురుతిరుగుతుంది. మీరు యూజర్‌నేమ్ పెట్టుకోలేదు కాబట్టి మీ అడ్రసు 'ప్రొఫైల్.పీహెచ్‌పీ', ప్రశ్న గుర్తు, 'ఐడీ', సమానం గుర్తు, ఒక పొడవాటి అంకె, ఇలా ఉంటుంది. ఆ అంకే మీరు. దాన్ని తీసేస్తే మిగిలేది 'ఎవరు చూస్తుంటే వాళ్ల ప్రొఫైల్' అనే అడ్రసు. ఫేస్‌బుక్.కామ్, ఏటవాలు గీత, 'ఎంఈ' అని ఇచ్చినా ఇదే జరుగుతుంది. అంకె దాకా ఉంచి, దాని తర్వాత 'అండ్' గుర్తుతో ఏమైనా ఉంటే అది మాత్రం కోసేయండి.

అసలు లింకు యాప్‌లో మీ ప్రొఫైల్ మీదుండే మూడు చుక్కలు నొక్కితే, కిందివైపు 'కాపీ లింక్' దగ్గర ఉంటుంది. యూజర్‌నేమ్ పెట్టుకుంటే ఈ అంకెల బాధే ఉండదు. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ సెంటర్, అందులో ప్రొఫైల్స్, మీ పేరు, యూజర్‌నేమ్. కనీసం 5 అక్షరాలుండాలి. చుక్కలు, పెద్ద అక్షరాలు లెక్కలోకి రావు: మధ్యలో చుక్క పెట్టి కొట్టినా, తీసేసి కొట్టినా మీ దగ్గరికే వస్తారు.

ప్రొఫైల్ లాక్ చేసుంటే కొత్తవాళ్లకి దాదాపు ఏమీ కనిపించదు. అదే మూడు చుక్కల్లో 'వ్యూ యాజ్' నొక్కితే బయటివాళ్లకి ఎంత కనపడుతుందో మీకే తెలుస్తుంది. వ్యాపారం కోసమైతే లాక్ తీయకండి, వేరుగా ఒక పేజీ పెట్టి ఆ లింకు పంచండి. పిల్లల ఫొటోలు కొనుగోలుదార్లకి ఎందుకు?

ప్రశ్న: ఇంట్లోనే మగ్గం వర్కు బ్లౌజులు చేసిస్తాను. వాట్సాప్ లింకు పెడితే ఆర్డర్లు వస్తాయంటున్నారు. కానీ నా నంబరు ఊరందరికీ తెలియడం మా ఇంట్లో ఇష్టం లేదు.
— ఒక పాఠకురాలు, బుచ్చిరెడ్డిపాళెం

జవాబు: మీ ఇంట్లోవాళ్ల భయం న్యాయమే అమ్మా. వాట్సాప్ లింకు అంటే నంబరే: డబ్ల్యూఏ.ఎంఈ, ఏటవాలు గీత, 91, ఆ వెంటే మీ పదంకెలు. మొత్తం 12 అంకెలు. ప్లస్ గుర్తు గానీ, ముందు సున్నా గానీ, మధ్యలో ఖాళీ గానీ పెట్టకూడదు. వాట్సాప్ బిజినెస్ యాప్ ఇచ్చే షార్ట్ లింకులో అంకెలు కనిపించవు గానీ, నొక్కి మాట్లాడేవాళ్లకి చాట్‌లో నంబరు తెలిసిపోతుంది.

రెండు దారులున్నాయి. ఆర్డర్లకే ఒక వేరే సిమ్ తీసుకుని, అదే ఫోన్‌లో వాట్సాప్ బిజినెస్ వేసుకోండి. మీ సొంత నంబరు మామూలు వాట్సాప్‌లో అలాగే ఉంటుంది. అది వద్దనుకుంటే ఇన్‌స్టాగ్రామ్‌లోనే మాట్లాడండి: ఐజీ.ఎంఈ, ఏటవాలు గీత, ఎం, మళ్లీ ఏటవాలు గీత, మీ యూజర్‌నేమ్. ఇది నొక్కితే నేరుగా మీకు మెసేజ్ రాసే పెట్టె తెరుచుకుంటుంది, నంబరు ప్రసక్తే రాదు. మీకు మేం ఈ రెండోదే చెబుతాం. ఆర్డరు ఖాయమై అడ్వాన్సు వచ్చాక నంబరు ఇవ్వాలా వద్దా అన్నది అప్పుడు మీరే చూసుకోవచ్చు.

ప్రశ్న: రొట్టెల పండగకి స్వర్ణాల చెరువు దగ్గర స్టాలు పెట్టాం. ఒక ఉచిత వెబ్‌సైటులో చేసిన క్యూఆర్ కోడ్‌ని ఫ్లెక్సీ మీద వేయించాం. కొన్నాళ్లకి దాన్ని స్కాన్ చేస్తే మా పేజీ బదులు డబ్బు కట్టమని వస్తోంది.
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: ఆ కోడ్‌లో ఉన్నది మీ అడ్రసు కాదు, ఆ వెబ్‌సైటు అడ్రసు. స్కాన్ చేసినవాళ్లు ముందు వాళ్ల దగ్గరికి వెళ్లి అక్కడ్నించి మీ దగ్గరికి వస్తారు. దాన్ని డైనమిక్ కోడ్ అంటారు. ఉచిత గడువు అయిపోగానే దారి మూసేస్తారు. మీ అడ్రసునే లోపల పెట్టుకున్న స్టాటిక్ కోడ్‌కి గడువు ఉండదు. క్రోమ్‌లో మీ పేజీ తెరిచి, మూడు చుక్కల్లో 'షేర్', అందులో 'క్యూఆర్ కోడ్' నొక్కితే అలాంటిదే వస్తుంది. స్కాన్ చేయగానే ఫోన్ మీద ఏ అడ్రసు కనిపిస్తుందో చదవండి, అందులో మీ పేరు లేకపోతే ఆ కోడ్ అచ్చుకి పంపకండి. పాత ఫ్లెక్సీ పారేయక్కర్లేదు, కొత్త కోడ్‌ని స్టిక్కరుగా వేయించి దానిమీద అతికించండి.

సైజు లెక్క తేలిక: మనిషి ఎంత దూరంలో నిలబడతాడో అందులో పదో వంతు. రెండున్నర మీటర్ల దూరానికి 25 సెంటీమీటర్లు. చేతిలో పట్టుకునే కార్డుకి 2 సెంటీమీటర్లు చాలు. చుట్టూ తెల్ల అంచు వదలాలి, కోడ్‌లోని చిన్న గడులు నాలుగు పట్టేంత. ఫ్లెక్సీ వేసేవాళ్లు పువ్వుల బోర్డరును అక్కడిదాకా లాగేస్తారు, అప్పుడు కెమెరాకి కోడ్ ఎక్కడ మొదలైందో తెలియదు. తెలుపు మీద నలుపే వేయించండి. జనం కిక్కిరిసిన చోట నెట్ అందదు కాబట్టి కోడ్ కింద యూజర్‌నేమ్ పెద్దక్షరాల్లో ఉండాలి. ఫొటో తీసుకుని ఇంటికెళ్లాక వెతుక్కుంటారు.

ప్రశ్న: బీటెక్ చివరి సంవత్సరం. రెజ్యూమేలో ఇచ్చిన లింక్డిన్ లింకు తెరుచుకోవడం లేదని ఒక కంపెనీవాళ్లు చెప్పారు.
— ఒక విద్యార్థిని, ఒంగోలు

జవాబు: కంప్యూటర్‌లో మీ ప్రొఫైల్ తెరిస్తే కుడివైపు 'పబ్లిక్ ప్రొఫైల్ అండ్ యూఆర్ఎల్' ఉంటుంది. అక్కడ పేరు చివర అంటుకున్న అంకెలూ అక్షరాలూ తీసేసి చిన్నది చేసుకోవచ్చు. పబ్లిక్ విజిబిలిటీ ఆన్‌లో ఉందో లేదో కూడా అక్కడే చూడండి. తర్వాత రెజ్యూమే: వర్డ్‌లో 'ప్రింట్ టు పీడీఎఫ్' కొడితే లింకు చచ్చిపోయి ఉత్త అక్షరాలు మిగులుతాయి. 'సేవ్ యాజ్'లో పీడీఎఫ్ ఎంచుకుంటే బతికుంటుంది. అడ్రసు లైను చివర విరిగి రెండో లైనులోకి పోయినా, చూసి కొట్టేవాళ్లు మధ్యలో ఉన్న అడ్డగీతను వదిలేస్తారు. ఒకే లైనులో పట్టేలా అక్షరాల సైజు తగ్గించండి.