వీధిలో కారు ఎంతసేపు ఆపనివ్వాలి?

పార్కింగ్ మీద ఈసారి ఉత్తరాలు కుప్పగా వచ్చాయి. సగం తిట్లే. తిట్లు పక్కనపెట్టి, ప్రశ్న ఉన్నవాటికి జవాబులిస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

*ప్రశ్న: మా వీధి రైల్వే స్టేషన్‌కి దగ్గర. పొద్దున తొమ్మిదికల్లా ఎవరివో కార్లు వరసగా వచ్చి ఆగిపోతాయి, సాయంత్రం దాకా కదలవు. మా ఇంటికి ఎవరైనా వస్తే ఆపుకునే చోటుండదు. ఇంతసేపటికి మించి ఆపకూడదని బోర్డు పెట్టించాలని వీధివాళ్లం అనుకుంటున్నాం. గంట చాలని కొందరు, రెండని కొందరు, నాలుగని ఇంకొందరు. ఎంత పెట్టాలి?*

ఎన్ని గంటలన్నది ఆఖర్న చూసుకోండి. ఎవరు వెళ్లిపోవాలి, ఎవరు ఉండాలి అన్నది ముందు తేలాలి. మీ వీధిలో వెళ్లాల్సింది పొద్దున ఆపి సాయంత్రం తీసే కారు, అది ఎంత లేదన్నా ఎనిమిది తొమ్మిది గంటలు ఉంటుంది. ఉండాల్సింది మీ ఇంటికొచ్చిన చుట్టం, పిల్లలకి ట్యూషన్ చెప్పే టీచరు, పైపు బాగుచేయడానికొచ్చిన మనిషి. వీళ్లలో మూడు గంటలు దాటి ఉండేవాళ్లు తక్కువ. ఈ రెంటికీ మధ్య ఎక్కడ గీత గీసినా స్టేషన్ కారు వెళ్లాల్సిందే. నాలుగు గంటలన్నా వెళ్తుంది, రెండన్నా వెళ్తుంది, కాకపోతే రెండంటే మీ చుట్టం కూడా భోజనం మధ్యలో లేచి కారు తీయాలి. గంట చాలనేవాళ్ల మాటలో కోపం కనిపిస్తోంది గానీ లెక్క కనిపించట్లేదు.

లెక్క అంటే పెద్ద సర్వే ఏమీ కాదు. ఒక పనిరోజు, ఒక సెలవురోజు చూసుకుని, తెల్లవారకముందు ఒకసారి, ఆ తర్వాత రాత్రి దాకా గంటకోసారి వీధి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి, ఆగి ఉన్న ప్రతి కారు నంబరులో చివరి నాలుగంకెలు రాసుకోండి. ఫొటోలొద్దు, ఎవరి కారో ఆరా తీయొద్దు, అంకెలు చాలు. తెల్లవారకముందే ఉన్నవి దాదాపుగా వీధివాళ్లవే. తొమ్మిదింటికి కొత్తగా కనబడి ఐదింటిదాకా ప్రతిసారీ ఉన్నవి స్టేషన్ వాళ్లవి. ఒకటి రెండుసార్లు కనబడి మాయమైనవి వచ్చిపోయేవాళ్లవి. ఇక 4417 అని ఒక నంబరు ఉందనుకోండి, తెల్లవారుజామునా అదే చోట ఉంది, మధ్యాహ్నమూ ఉంది, రాత్రి పదింటికీ ఉంది, వెనక అద్దం మీద దుమ్ములో పిల్లలెవరో బొమ్మ గీశారు, చక్రాల కింద ఎండుటాకులు పేరుకున్నాయి: అది స్టేషన్ కారు కాదు, మీలో ఎవరిదో రెండో కారు. ఇలాంటివి వీధిలో ఎన్నున్నాయో తేలాక మీటింగులో గొంతులు కాస్త తగ్గుతాయి. బయటివాళ్ల కోసం పెట్టిన రూలు ముందు తగిలేది దానికే మరి.

చోట్లు కూడా లెక్కపెట్టండి. రోడ్డు పక్కన ఒకదాని వెనక ఒకటి ఆపే చోట కారుకి సుమారు 6 మీటర్లు వేసుకోవచ్చు, గేట్ల ముందు, మలుపుల దగ్గర వదిలేయాలి. అన్ని చోట్లూ ఖాళీగా ఉండాలని ఆశపడొద్దు. డొనాల్డ్ షూప్ అని, బతుకంతా పార్కింగ్ మీదే పనిచేసి 2025లో కన్నుమూసిన అమెరికన్ ప్రొఫెసర్ ఉండేవారు. ఆయన లెక్కలో సుమారు 85 శాతం చోట్లు నిండి, వీధికి ఒక్కోవైపు ఒకటో రెండో ఖాళీ ఉంటే అది బాగా నడుస్తున్నట్టే. ఆయన అసలు గంటల పరిమితి కన్నా రుసుమే మేలనేవారు, అది వేరే వాదన. మీ కాగితం మీద మధ్యాహ్నం కూడా ప్రతి వరసలో నాలుగైదు ఖాళీలు కనిపిస్తే మాత్రం బోర్డు ఆలోచన మానుకోండి. మీ ఇంటి ముందు చోటు లేకపోవడం వేరు, వీధిలో చోటు లేకపోవడం వేరు.

*ప్రశ్న: మా అమ్మగారు మంచంలో ఉన్నారు. ఆవిడని చూసుకునే నర్సు కారులో వచ్చి ఆరేడు గంటలు ఉంటుంది. వీధిలో రెండు గంటల బోర్డు పెడితే ఆ అమ్మాయి గతేంటి? వీధివాళ్లకి పర్మిట్ ఇస్తారంటున్నారు, అంటే మా ఇంటి ముందు చోటు మాకే రాసిస్తారా?*

రెండో దానికి ముందు చెప్తాం: రాసివ్వరు. రోడ్డు అందరిదీ, మీ గేటు ఎదురుగా ఉన్నంత మాత్రాన మీది కాదు. వీధి పర్మిట్ అంటే గంటల పరిమితి మీకు వర్తించదనే, అంతవరకే. చోటు వెతుక్కోవడం మీ పనే. చోట్లు ముప్పై ఉండి పర్మిట్లు అరవై ఇచ్చేస్తే స్టేషన్ వాళ్లు పోయినా రాత్రిపూట మీ కొట్లాట మీకుంటుంది, అందుకే ఇంటికి ఇన్నేనని ముందే తేల్చుకోవాలి. కావాలంటే రెండోదానికి రుసుము ఎక్కువ పెట్టొచ్చు. జపాన్ ఈ తలనొప్పిని మొదట్లోనే తెంచేసింది: అక్కడ 1962 నుంచి ఉన్న చట్టం ప్రకారం, రోడ్డు కాకుండా వేరేచోట కారు పెట్టుకునే స్థలం ఉందని చూపించాలి, చాలాచోట్ల అది లేనిదే కారు రిజిస్టరు కాదు.

వీధివాళ్లకి మినహాయింపు ఇచ్చి బయటివాళ్లని ఆపడం అన్యాయం కాదా అని ఇంకో పాఠకుడు అడిగారు. అమెరికాలో ఇదే మాట సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌లో పెట్టిన ఇలాంటి నిబంధన చెల్లుతుందని 1977లో ఆ కోర్టు చెప్పింది. అయినా చెల్లడం వేరు, మనకి నచ్చడం వేరు. స్టేషన్‌కి వచ్చేవాళ్లకి ఆపుకునే చోటు ఇంకెక్కడా లేకపోతే వాళ్ల గోడు కూడా నిజమే.

ఇక మీ నర్సు సంగతి. ఇలాంటివాళ్లని ముందే లెక్కలోకి తీసుకోకపోతే మొదటి నెలలోనే రూలు అభాసుపాలవుతుంది. పేరు మీద కాకుండా ఇంటి మీద ఇచ్చే విజిటర్ పాస్ అడగండి: ఆరోజు ఎవరు వస్తే వాళ్లు కారు ముందద్దం దగ్గర పెట్టుకుంటారు, వెళ్లేటప్పుడు మీకిచ్చి వెళ్తారు. ఇలాంటి ఇళ్లు వీధిలో ఎన్నున్నాయో మీటింగ్‌కి ముందే కనుక్కోండి. మంచంలో మనిషి ఉన్న ఇంటివాళ్లు మీటింగులకి రాలేరు, వాళ్ల మాట అక్కడ వినబడదు.

*ప్రశ్న: మా వీధిలో రెండు గంటలని బోర్డు పెట్టుకుని చాలాకాలమైంది. ఒక్కడూ పట్టించుకోడు. ఒకాయన అయితే రెండు గంటలకోసారి వచ్చి కారుని ఒక మీటరు ముందుకి జరిపి వెళ్తాడు, నవ్వుతూ. టైర్లలో గాలి తీసేస్తే దారికొస్తారని మావాళ్లంటున్నారు. తప్పా?*

తప్పే. ఎవరి కారు మీదా చెయ్యేయకండి, రేపు స్టేషన్‌లో సంతకం పెట్టేది మీరవుతారు, రైల్వే స్టేషన్ కాదు. ముందు ఒకటి చెప్పండి, ఆ బోర్డు ఎవరు పెట్టారు? మీరే పెయింటర్‌ని పిలిచి రాయించుకుంటే అది విన్నపమే గానీ రూలు కాదు. రోడ్డు మీద అధికారం ఉన్న మున్సిపాలిటీయో ట్రాఫిక్ విభాగమో ఉత్తర్వు ఇచ్చి పెట్టిన బోర్డుకే జరిమానా వేసే బలం ఉంటుంది.

అధికారికంగా పెట్టిందే అయినా, గంటల పరిమితిలో ఒక తిరకాసుంది. రెండు గంటలు దాటిందని రుజువు కావాలంటే తనిఖీ మనిషి రెండుసార్లు రావాలి: ఒకసారి చూసి గుర్తు పెట్టుకోవాలి, రెండు గంటలు దాటాక మళ్లీ వచ్చి అదే చోట అదే కారు ఉందా అని చూడాలి. ఇళ్ల మధ్య వీధికి రోజూ రెండు విడతలు మనిషిని పంపే ఓపిక ఏ ఆఫీసుకుంటుంది? ఈ బాధ పాతదే. పనివాళ్లు పొద్దున్నే వచ్చి రోజంతా కార్లు ఆపేసి కొనేవాళ్లకి చోటు లేకుండా చేస్తున్నారనే 1935లో అమెరికాలోని ఓక్లహామా సిటీలో ప్రపంచంలోనే తొలి పార్కింగ్ మీటర్లు, అంటే నాణెం వేస్తే టైము లెక్కపెట్టే యంత్రాలు, పెట్టారు. మనిషి గుర్తుపెట్టుకోవాల్సిన సమయాన్ని మీటరు గుర్తుపెట్టుకుంటుంది. మీటరు లేనిచోట టైరు మీద సుద్దముక్కతో గీత గీసేవారు. దాని మీదా కోర్టు కేసులే: అనుమతి లేకుండా టైరు మీద గీయడం సోదా చేయడం కిందకే వస్తుందని 2019లో అక్కడి ఒక ఫెడరల్ అప్పీల్ కోర్టు అంటే, శాన్ డియాగో కేసులో 2022లో ఇంకో అప్పీల్ కోర్టు గీస్తే తప్పులేదంది. సుద్దగీతకి ఇంత రామాయణం.

యూరప్‌లో చాలాచోట్ల అట్ట గడియారం వాడతారు. కారు ఆపిన టైముకి ముల్లు తిప్పి అద్దం వెనక పెట్టాలి. జర్మనీలో అయితే వచ్చిన టైము తర్వాతి అరగంటకి తిప్పాలి, 10.10కి వస్తే 10.30 మీద పెట్టాలన్నమాట. తనిఖీకి ఒక్కసారి వస్తే చాలు. మధ్యలో వచ్చి ముల్లు తిప్పేసి వెళ్లే ఘనులు అక్కడా ఉంటారనుకోండి.

మీ వీధికి నేనైతే అసలు గంటల పరిమితే వద్దంటాను. లండన్‌లో స్టేషన్ల దగ్గరి వీధులు కొన్నింటిలో ఒక తెలివైన పద్ధతి ఉంది: పర్మిట్ లేని కార్లు ఆపకూడదన్న నిబంధన రోజు మొత్తానికి కాదు, గంటకో రెండు గంటలకో. మధ్యాహ్నం 12 నుంచి 1 దాకా అనుకోండి. చుట్టం పొద్దున రావచ్చు, సాయంత్రం రావచ్చు, ఎంతసేపైనా ఉండొచ్చు. కానీ రోజంతా కారు వదిలేసి రైలెక్కి వెళ్లిపోయే మనిషి ఆ గంటలో వచ్చి కారు తీయలేడు. కారుని మీటరు దూరం జరిపే ఆయన నవ్వు కూడా ఆగుతుంది, ఎందుకంటే ఇక్కడ జరపడంతో ఒరిగేదేమీ లేదు. తనిఖీకి మనిషి రోజుకి ఒక్కసారి, అదీ ఆ గంటలోనే వస్తే సరి. అధికారుల దగ్గరికి వెళ్లినప్పుడు ఈ చివరి మాట గట్టిగా చెప్పండి, పని తగ్గుతుందంటే చెవులు నిక్కబొడుచుకుంటాయి. మధ్యాహ్నమే చుట్టాలొచ్చే ఇళ్లకి పైన చెప్పిన విజిటర్ పాస్ ఉండనే ఉంది.

గంటల పరిమితే ఉంచుకుంటామంటే ఉత్తర్వులో రెండు ముక్కలు రాయించండి: పరిమితి కారు ఆగిన చోటుకి కాదు, వీధి మొత్తానికి, ఒకసారి వెళ్లాక మళ్లీ ఇంతసేపటిదాకా అదే వీధిలోకి వచ్చి ఆపకూడదు.

*ప్రశ్న: పక్క వీధిలో బోర్డు పెట్టారు. ఆ కార్లన్నీ ఇప్పుడు మా వీధిలోకొచ్చాయి. మేం కూడా పెట్టించాలా?*

మీరు పెడితే మీ పక్కవాళ్లు రాస్తారు మాకు. స్టేషన్ నుంచి జనం నడవడానికి ఇష్టపడేంత దూరంలో ఉన్న వీధులన్నీ కలిసి ఒకే జోన్‌గా, ఒకే టైమింగ్స్‌తో అడగండి. పక్క వీధివాళ్లు మిమ్మల్ని పిలవలేదని కోపముంటే ఉండనివ్వండి, దరఖాస్తు మీద మాత్రం వాళ్ల సంతకాలు కూడా కావాలి.

*ప్రశ్న: బోర్డు మీద ఏం రాయాలి?*

ఏ రోజులు, ఏ టైము నుంచి ఏ టైము దాకా, ఎవరికి మినహాయింపు, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా వర్తిస్తుందో బాణం గుర్తు. కారులోంచి తల బయటపెట్టకుండా చదవగలిగే అక్షరాలు. "సభ్యతగా మెలగండి" లాంటివి వద్దు, చోటు దండగ. మూడు నెలల తర్వాత అదే కాగితం, అదే నడక మళ్లీ చేయండి. స్టేషన్ కార్లు పోయి వీధి పగలంతా బోసిగా కనిపిస్తే ఆ టైమింగ్స్ సడలించమని కూడా మీరే అడగాలి.