మాల వేసుకుంటే తాగుడు మానతారా? మాల తీసిన తరువాతి సంగతి ముందు ఆలోచించండి

"మా తమ్ముడు రోజూ తాగుతాడు. ఈ కార్తికంలో అయ్యప్ప మాల వేయిస్తే మానేస్తాడని ఇంట్లో పెద్దవాళ్ళు పట్టుబడుతున్నారు. భక్తితో వ్యసనం నిజంగా పోతుందా?" అని మీరు అడిగారు. పోతుందనే నా సమాధానం. మాల వేసుకున్న మనిషి చుట్టూ ఒక పదిమంది చేరతారు, ఆ పదిమందే అతణ్ణి మాన్పిస్తారు. వాళ్ళు ఎంతకాలం విడిచిపెట్టకుండా ఉంటే మానడం అంతకాలం నిలుస్తుంది. మా ఇంట్లో జరిగినదాన్ని బట్టి ఈ మాట చెబుతున్నాను.

మా అక్క భర్త తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టులో గుమాస్తాగా పనిచేసేవారు. లెక్కల్లో గట్టి మనిషి. అలాంటివారు చివరికి ఉదయం కాఫీ కంటే ముందు ఒక పెగ్గు పడితే తప్ప చేతి వణుకు ఆగక, బిల్లు పుస్తకంలో అంకె వేయలేని స్థితికి వచ్చారు. ఉదయాన్నే చెయ్యి వణకడం అంటే శరీరం మద్యానికి పూర్తిగా అలవాటు పడిందని అర్థం. అటువంటి మనిషి ఒక్కసారిగా మానితే ప్రాణానికే ప్రమాదమని మాకెవరూ చెప్పలేదు. ముందు రోజు రాత్రి వరకు తాగి, తెల్లవారుజామున తలస్నానం చేసి, బావగారు కన్నెస్వామిగా మాల వేసుకున్నారు. ఇంటిల్లిపాదీ సంతోషించాం.

రెండో రోజు సాయంత్రం మరో స్వామి ఇంట్లో పడిపూజ. అరటి దవ్వలతో పద్దెనిమిది మెట్లు కట్టి, మెట్టుమెట్టుకూ కర్పూరం వెలిగించారు. డోలక్ జోరందుకుంది, శరణుఘోష వీధి చివరి దాకా వినిపిస్తోంది. బావగారు నా పక్కనే కూర్చున్నారు. చలికాలంలోనూ ఆయన చొక్కా లేని వీపు మీద చెమట కాలువలు కట్టింది. ఎదురుగా ఉన్న విభూతి పళ్ళెంలో చీమలు పాకుతున్నాయని, ఎవరైనా తీసేయమని మెల్లగా గొణగసాగారు. పళ్ళెంలో చీమలేమీ లేవు. ఆ తరువాత ఆయన చేతులు, గడ్డం, భుజాలు వరుసగా ఊగడం మొదలుపెట్టేసరికి, వెనుక నుంచి ఎవరో "కన్నెస్వామిని స్వామి ఆవహించాడు" అని అరిచారు. అంతే, డోలక్ రెట్టింపైంది, ఆడవాళ్ళు లేచి నిలబడి చేతులు జోడించారు, ఒకాయన హారతి పళ్ళెం తెచ్చి బావగారి ముఖం ముందు తిప్పసాగాడు. ఆయన కొయ్యలా బిగుసుకుని పక్కకు ఒరిగిపోయి, నోటి వెంట నురగ వచ్చేదాకా కూడా అది పూనకమేనని నమ్మినవారే ఎక్కువ.

ఆ పందిరి కింద ఒక్క గురుస్వామికే సంగతి అర్థమైంది. ఆయన చిన్న కిరాణా కొట్టు నడుపుకునే మనిషి, పెద్దగా చదువుకోలేదు. కానీ తన సొంత తమ్ముడు ఇలాగే ఉన్నట్టుండి తాగుడు మానేసి, ఇలాగే ఫిట్స్ వచ్చి చనిపోవడం ఆయన కళ్ళారా చూశారు. చెయ్యెత్తి డోలక్ ఆపించారు. చేతిలో తాళంచెవులు పెట్టబోయినవాణ్ణి కసిరి, బావగారిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఆటో పిలిపించి ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్ళారు. డ్యూటీ డాక్టరు నల్లబట్టలు, మాల చూసి అడిగిన మొదటి ప్రశ్న, "చివరిసారి ఎప్పుడు తాగాడు?" అనే. కార్తికంలో ఇలాంటి కేసులు ఆయనకు కొత్త కాదట. ముందు బి1 విటమిన్ ఇంజెక్షన్, ఆ తరువాతే గ్లూకోజు, వణుకు తగ్గడానికి మత్తు మాత్రలు, వాటిని రోజురోజుకూ తగ్గిస్తూ వెళ్ళడం, ఇదీ చికిత్స. మానిన మొదటి రెండు మూడు రోజులే అన్నిటికంటే ప్రమాదమని కూడా ఆయనే వివరించారు.

మరునాడు పీఠం నుంచి ఇద్దరు పెద్దలు వచ్చి, ఆసుపత్రిలో పడుకున్నాడు గనుక దీక్షకు భంగం కలిగిందని, మాల తీసేయాలని అన్నారు. గురుస్వామి వార్డు గుమ్మంలోనే వారిని ఆపి, "మందు వేసుకోవడం అశుచి అని ఎవరు చెప్పారు స్వామీ? ఈయన భిక్ష నేనే ఇక్కడికి తెస్తాను" అన్నారు. అన్నట్టుగానే డిశ్చార్జి అయ్యేవరకు ప్రతి మధ్యాహ్నం సైకిలు హ్యాండిలుకు క్యారియరు తగిలించుకుని వచ్చేవారు. భక్తి అంటే నాకు ఇప్పటికీ ఆ మనిషే గుర్తుకు వస్తారు. డీజే బాక్సులు పెట్టి, లక్షలు ఖర్చు చేసి పడిపూజలు చేయించే నాయకులు ఎంత భక్తులో నాకు తెలియదు గానీ, వారిలో ఒక్కరు కూడా ఆ వార్డు మెట్లెక్కలేదు.

మిగిలిన మండలం ప్రశాంతంగా గడిచింది. దీక్షలో అసలు బలం ఎక్కడుందో అప్పుడే గమనించాను. తాగేవాడికి సాయంత్రం ఆరు దాటితే నాలుక లాగుతుంది. సరిగ్గా ఆ వేళకు దీక్షలో రెండో చన్నీటి స్నానం, భజన ఉంటాయి. ఒంటరిగా పడుకునే గది ఉండదు, సన్నిధానంలో పదిమంది మధ్య చాప మీద పడుకోవాలి. అన్నిటికంటే ముఖ్యమైనది పిలుపు. నిన్నటిదాకా ఆయనను చూసి నవ్వుకున్న మార్కెట్టు హమాలీలు కాళ్ళకు దండం పెట్టారు, సొంత కూతురు "స్వామీ, భోజనానికి రండి" అని పిలిచింది. పోయిన మర్యాదను మనిషికి ఇంత త్వరగా తిరిగి ఇచ్చే చికిత్స నాకు తెలిసి మరొకటి లేదు.

మాల తీసిన మరునాడు ఇవన్నీ ఒక్కసారిగా మాయమవుతాయి, అసలు చిక్కు అక్కడే ఉంది. మా పశ్చిమగోదావరిలో దీనికి తోడు మరో దౌర్భాగ్యం ఉంది. జ్యోతి దర్శనం చేసుకుని శబరిమల నుంచి తిరిగి వచ్చే రోజులూ, సంక్రాంతి కోడిపందాల రోజులూ ఒకే వారంలో పడతాయి. బరి చుట్టూ మద్యం పారుతుంది. "మండలం పాటు కట్టుబడ్డావుగా, ఇవాళ మా లెక్కలో తాగు" అని పిలిచే స్నేహితులు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. మాల విరమణ రోజే సీసా మూత తీయడం ఒక ఆచారంలా తయారైనా, ఏ పీఠమూ దాని గురించి నోరు మెదపదు. మా గురుస్వామి మాత్రం పందాలు ముగిసి, బరులు ఎత్తేసేదాకా బావగారి మాల తీయనివ్వలేదు. ఆ తరువాత ఏడాది పొడవునా శనివారం సాయంత్రాలు గుడి వరండాలో భజన పెట్టారు. భజనకు ముందు, తాగుడు మానినవారు మాత్రమే ఒక అరగంట కూర్చుని ఆ వారం ఎలా గడిచిందో ఒకరికొకరు చెప్పుకునేవారు.

ఈ పద్ధతిని ఆయన ఆల్కహాలిక్స్ అనానిమస్ నుంచి తెచ్చుకున్నారు. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో బిల్ అనే స్టాక్ బ్రోకరు, బాబ్ అనే డాక్టరు, ఇద్దరూ తాగుడుకు బానిసలైనవారే, కలిసి మొదలుపెట్టిన సంఘం అది. ఒక క్రైస్తవ ఉద్యమం నుంచే పుట్టినా, దేవుడు అన్నచోట "మేము అర్థం చేసుకున్న రీతిలోని దేవుడు" అని రాసుకుని తలుపులు అందరికీ తెరిచిపెట్టింది. బావగారు శనివారం భజనతో పాటు ఆ మీటింగులకు కూడా వెళ్ళేవారు. చర్చి ఆవరణలోని ఒక గదిలో జరిగేవి. నల్లబట్టల స్వామి, టోపీ పెట్టుకున్న సాయిబు, సంఘంలో సాక్ష్యం చెప్పి వచ్చిన విశ్వాసి ఒకే బల్ల చుట్టూ కూర్చుని టీ తాగేవారు. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. వీరి పద్ధతి మీద జరిగిన 27 అధ్యయనాలను, అంటే పదివేలమందికి పైగా సమాచారాన్ని, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ అనే సంస్థ 2020లో సమీక్షించి, పూర్తిగా తాగకుండా నిలబడే విషయంలో ఇది ఇతర చికిత్సల కంటే మెరుగ్గా పనిచేస్తోందని తేల్చింది. అది అయ్యప్ప దీక్ష మీద చేసిన పరిశోధన కాదని మీలో ఎవరైనా అనవచ్చు. అనండి. ఆ గదిలోనూ, మా గుడి వరండాలోనూ జరిగింది ఒకటేనని చూసినవాడిగా నేను చెబుతున్నాను.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారాకు ఎదురు తిరిగింది కూడా సాయంత్రం అక్షరాలు దిద్దుకోవడానికి ఒకచోట కూర్చున్న తరువాతే. 1995లో ప్రభుత్వం తెచ్చిన సంపూర్ణ మద్యనిషేధం మాత్రం 1997 దాటి నిలవలేదు. ఇప్పుడు ఏ పార్టీ వచ్చినా ఖజానా నింపేది మద్యమే గనుక, ఆ వైపు నుంచి మనకు సాయం వస్తుందని నేను ఎదురుచూడను.

బావగారు మరుసటి ఏడాది ఒక పెళ్ళిలో మళ్ళీ తాగారు. చాలా భక్తబృందాలు దెబ్బతినేది ఇక్కడే. దీక్ష చేసి కూడా తాగినవాణ్ణి దైవద్రోహి అంటారు, అతడు సిగ్గుతో గుడి వైపు రావడం మానేసి తిన్నగా షాపు వైపు వెళతాడు. కొన్ని ప్రార్థన మందిరాల్లోనూ ఇదే వరస, విశ్వాసం చాలకే పడిపోయాడని అంటారు. మా గురుస్వామి మరునాడు పొద్దున్నే ఇంటికి వచ్చి, "స్వామీ, శనివారం భజన ఉంది, మీరే డోలక్ పట్టాలి" అని చెప్పి, అక్క ఇచ్చిన కాఫీ తాగి వెళ్ళిపోయారు. పెళ్ళి మాట ఎత్తలేదు. బావగారు ఆ శనివారం వెళ్ళారు. నాకు తెలిసినంతవరకు ఆ తరువాత మళ్ళీ ముట్టలేదు.

ఇక మీ తమ్ముడి సంగతి. అతనికి ఉదయంపూట చెయ్యి వణుకుతుంటే, మాల వేయించే ముందే మానసిక వైద్యుడికి చూపించి, మందుల సాయంతో మాన్పించి, ఆ తరువాతే దీక్షకు పంపండి. ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోతే 14446 నంబరుకు ఫోను చేయండి, అది వ్యసనాల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత సహాయ నంబరు. అతనికి తెలియకుండా అన్నంలో కలిపిపెట్టండి అంటూ అమ్మే పొడుల జోలికి మాత్రం వెళ్ళకండి. వాటిలో డైసల్ఫిరామ్ ఉంటే, దాని మీద మద్యం పడినప్పుడు రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆ మాత్రను డాక్టరు ఇచ్చినా రోగికి తెలిసే ఇస్తారు. చివరిగా, మాల వేయించబోయే గురుస్వామిని కలిసి, మాల తీసిన మరునాటి సాయంత్రం ఆరు గంటలకు మా తమ్ముడు ఎక్కడికి రావాలి అని సూటిగా అడగండి. దానికి ఆయన దగ్గర జవాబు లేకపోతే పక్క ఊళ్ళో ఇంకో గురుస్వామిని వెతకండి.