కరెంటు పోగానే అలారాలన్నీ గోల: స్మోక్ డిటెక్టర్లపై మీ ప్రశ్నలు

మాది నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో డూప్లెక్స్ ఇల్లు. అయిదు స్మోక్ అలారాలున్నాయి. అన్నీ 230 వోల్టుల వైరింగ్‌వే, లోపల బ్యాటరీ కూడా ఉంది. ఒకటి మోగితే అన్నీ మోగేలా తీగ కలిపారు. ఒకదాని కింద రిలే బేస్ (అలారం మోగగానే స్విచ్‌లా కలిసే అడుగుభాగం) పెట్టి, ఫోన్‌కి కబురు పంపే స్మార్ట్ హబ్‌కి ఇచ్చారు. రాత్రి కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకోగానే అన్నీ ఒక్కసారిగా మోగి, పది సెకన్లకు ఆగిపోతున్నాయి. ఫోన్లో పొగ అని వస్తుంది గానీ ఏ గదిలోనో రాదు. ఎలక్ట్రీషియన్ ఒక అలారం మార్చాడు, ఫలితం లేదు.

అలారం మార్చకముందే వైరింగ్ చూడాల్సిందండీ. ఇన్వర్టర్ అందుకున్న క్షణంలోనే మోత మొదలవుతోందంటే పొగనో దుమ్మునో అనుమానించే పని లేదు. తేడా న్యూట్రల్‌లో ఉండాలి, లేదా ఇన్వర్టర్‌లో ఉండాలి.

ఈ రకం అలారానికి ఫేజు, న్యూట్రల్, ఐసీ (అలారాలను ఒకదానితో ఒకటి కలిపే తీగది) అని మూడు టెర్మినళ్లుంటాయి. పొగ పసిగట్టిన అలారం ఐసీ తీగ మీదికి కొద్దిపాటి డీసీ వోల్టేజి పంపుతుంది. మిగతావి ఆ వోల్టేజిని తమ న్యూట్రల్‌తో పోల్చుకుని గొంతు కలుపుతాయి. కాబట్టి అయిదింటికీ ఫేజు, న్యూట్రల్ ఒకే సర్క్యూట్ నుంచి రావాలి. ఇళ్లల్లో సాధారణంగా జరిగేది వేరు. కింద హాల్లోవి మెయిన్స్ మీద, పైన పడగ్గదుల్లోవి పక్కనున్న లైటు పాయింటు నుంచి ఇన్వర్టర్ ఫేజు మీద వేసేస్తారు. న్యూట్రల్ ఏ జంక్షన్ బాక్సులో చేతికందితే అక్కడిది కలిపేస్తారు. ఇన్వర్టర్ మారే క్షణంలో ఆ రెండు న్యూట్రళ్ల మధ్య వచ్చే తేడానే అలారాలు పొగ కబురు అనుకుంటాయి. ఫేజు ఒక సర్క్యూట్‌ది, న్యూట్రల్ ఇంకో సర్క్యూట్‌ది అయితే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) కూడా ఊరికే ట్రిప్ అవుతుంటుంది. మీ ఇంట్లో అదీ ఉంటే అనుమానం తీరినట్టే.

ముందు మోత మొదలుపెట్టింది ఏదో పట్టుకోండి. చాలా మోడళ్లలో పొగ చూసినదాని మీద మాత్రమే ఎర్ర లైటు గబగబా కొట్టుకుంటుంది, తక్కినవి ఎర్ర లైటు లేకుండా మోగుతాయి. పది సెకన్లలో ఇల్లంతా తిరగలేరు కాబట్టి ఒకరు మెయిన్ ఆఫ్ చేస్తుంటే పైన ఒకరు, కింద ఒకరు ఫోన్లో వీడియో తీయండి. ఒక్కదాని మీదా ఎర్ర లైటు లేదంటే కబురు ఐసీ తీగలోనే పుట్టిందని అర్థం.

తర్వాతి పని ఎలక్ట్రీషియన్‌ది. ఎంసీబీ (ఆ సర్క్యూట్ బ్రేకర్ స్విచ్) ఆపి, కరెంటు లేదని మీటరుతో చూసుకున్నాకే అలారాలను బేస్ నుంచి జరిపి తీయాలి. ఐసీ సన్న కబురు తీగే కదా అని వట్టి చేత్తో పట్టుకోకూడదు. లోపల మెయిన్స్ నుంచి దాన్ని వేరుచేసే ఏర్పాటు ఉండదు, ఎక్కడైనా ఫేజు, న్యూట్రల్ తారుమారైతే దాని మీదే షాక్ కొడుతుంది. తారుమారైన అలారానికి పచ్చ లైటు మామూలుగానే వెలుగుతుంది, బటన్ నొక్కితే అది మోగుతుంది కూడా. పక్కవాటికి మాత్రం వినపడదు. అందుకే బటన్ పరీక్ష ఒక్కదానితో సరిపెట్టకుండా అయిదింటినీ ఒక్కొక్కటే నొక్కి, ప్రతిసారీ తక్కిన నాలుగూ మోగాయో లేదో చూడాలి.

మళ్లీ కరెంటు ఇచ్చి ప్రతి బేస్ దగ్గరా మల్టీమీటరుతో ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య కొలవాలి. రెండోది రెండు మూడు వోల్టులు దాటితే, లేదా ఒక గదిలో ఒకటి, ఇంకో గదిలో అయిదు చూపితే న్యూట్రల్ జాయింట్లు విప్పి చూడాల్సిందే. చుట్టి టేపు వేసిన జాయింటు ఉంటే తీసేసి కనెక్టర్ పెట్టించండి. ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌దా (కరెంటును మెట్లుగా ఇచ్చేది) సైన్ వేవ్‌దా (మెయిన్స్‌లా నునుపుగా ఇచ్చేది) అన్నది కూడా చూడండి. చిన్న కెపాసిటర్‌తో వోల్టేజి తగ్గించుకునే అలారాలకు స్క్వేర్ వేవ్ పడదు, వేడెక్కుతాయి, పిచ్చిగా మోగుతాయి.

మా సలహా అడిగితే వీటికి ఇన్వర్టరే వద్దు. లోపల బ్యాటరీ ఉన్నది కరెంటు లేని వేళ కోసమే, తుపానుకి రెండు మూడు రోజులు కరెంటు లేకపోయినా మంచి బ్యాటరీ నిలుస్తుంది. అయిదింటినీ ఒకే 6 ఆంపియర్ల ఎంసీబీ కింద మెయిన్స్ మీదికి తెచ్చి, రోజూ వేసే లైటు ఒకటి అదే సర్క్యూట్‌లో ఉంచండి. ఎంసీబీ పడిపోతే ఆ లైటు వెలగక వెంటనే తెలుస్తుంది. తీగలు 1.5 చదరపు మిల్లీమీటర్లవి చాలు. ఐసీకి ఫేజు, న్యూట్రల్, ఎర్త్ రంగులు కాకుండా వేరే రంగు తీసుకోండి. ఇన్వర్టర్ మీద ఉండాల్సినవి హబ్, రౌటర్, ఫైబర్ బాక్స్.

ఇక గది పేరు రాకపోవడం లోపం కాదు. రిలే బేస్ చూసేది ఐసీ తీగను. ఆ తీగ మీదికి ఏ గది నుంచి వచ్చినా ఒకే కబురు. గది పేరు కావాలంటే అదే కంపెనీ రేడియో మాడ్యూల్ ప్రతి అలారానికీ పెట్టించాలి. ఇంకో కంపెనీ అలారం తెచ్చి ఈ ఐసీకి కలపకండి. ఒక్కో కంపెనీ కబురు వోల్టేజి ఒక్కోలా ఉంటుంది, రెండు వైపులా పాడవుతాయి.

మాది చీమకుర్తి. మూడేళ్ల క్రితం పెట్టించిన డిటెక్టర్ మధ్యాహ్నం వేళ ఊరికే మోగుతోంది.

మీ ఊరి గాలే సగం కారణం. లోపల నల్లటి చిన్న గదిలో ఒక ఇన్‌ఫ్రారెడ్ దీపం, దాని వెలుతురు నేరుగా పడకుండా ఓరగా ఒక కన్ను ఉంటాయి. పొగ చేరితే వెలుతురు చెదిరి ఆ కంట్లో పడుతుంది. గ్రానైట్ పొడి చేరినా అచ్చం అలాగే చెదురుతుంది. అది పేరుకునే కొద్దీ డిటెక్టర్ అలారం గీతకు దగ్గరవుతుంది, ఆపైన చిన్న గాలి రేగినా మోత.

కరెంటు ఆపి, వ్యాక్యూమ్ క్లీనర్‌కి మెత్తటి బ్రష్ తగిలించి పక్కల చీలికల వెంబడి చుట్టూ ఒక నిమిషం తిప్పండి. వేరేచోట ఆరు నెలలకోసారి చాలు, మీకు నెలకోసారి. పంక్చర్ షాపు గాలి కొట్టించే అలవాటుంటే మానండి, అది పొడిని ఇంకా లోపలికి తోస్తుంది, తేమ కూడా చేరుస్తుంది. తడిగుడ్డ, స్ప్రే వద్దు. ఇంట్లో టైల్స్ కోతో గోడలు గీకే పనో పెట్టుకుంటే ప్లాస్టిక్ మూత తొడగండి. పని అయ్యాక తీయడం మరిచిపోయేవాళ్లే ఎక్కువ, మేస్త్రీకి డబ్బులిచ్చే ముందు తీసేయండి. శుభ్రం చేసిన వారంలోపే మళ్లీ మోగితే మార్చడమే మార్గం.

కావలి నుంచి: ఆదివారం చేపలు వేయించినా, ఎండుమిర్చి తిరగమాత పెట్టినా వంటింటి అలారం ఊరుకోదు. ప్లాస్టిక్ కవరు కట్టేశాం.

కవరు ఇప్పుడే విప్పేయండి. తప్పు మీ చేపలది కాదు, వంటింట్లో స్మోక్ అలారం పెట్టినవాళ్లది. అక్కడ ఉండాల్సింది హీట్ అలారం. అది పొగను పట్టించుకోదు, గాలి వేడి సుమారు 58 డిగ్రీలకు చేరితేనే మోగుతుంది. అదే కంపెనీది కొంటే అదే ఐసీ తీగకు కలుస్తుంది. స్మోక్ అలారాన్ని వంటింటి గుమ్మానికి కనీసం 3 మీటర్ల దూరంలో హాల్లోకి మార్చండి. ఫ్యాను రెక్కల గాలి తగలకుండా, గోడకు 30 సెంటీమీటర్లు ఎడంగా ఉండాలి. సాంబ్రాణి వేసే పూజగది ఎదురుగా కూడా వద్దు.

ఈ రెండూ గ్యాస్ లీకును పట్టలేవు. వంటగ్యాస్ గాలికన్నా బరువు, నేలబారున పాకుతుంది. దాని డిటెక్టర్‌ను నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తులో పెట్టాలి. అది మోగగానే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయమని స్మార్ట్ స్విచ్‌కి చెప్పిపెట్టుకున్నవాళ్లున్నారు. అది వద్దు. గ్యాస్ అంటుకోవడానికి స్విచ్ దగ్గర లేచే నిప్పురవ్వ చాలు. కిటికీలు తీయడం, రెగ్యులేటర్ కట్టేయడం చేత్తో చేసే పనులే.

ఒంగోలు అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నుంచి: రంగులు వేయించినప్పటి నుంచి ఫైర్ ప్యానెల్లో రెండో జోన్ (ఒకే లైను మీదున్న డిటెక్టర్ల గుంపు) ఫాల్ట్ లైటు పోవడం లేదు. అలారం వస్తే మా ఫోన్లకు కూడా తెలిసేలా చేయవచ్చా?

రంగుల తర్వాత అంటున్నారు కాబట్టి ముందు వరండాల్లో తలెత్తి చూసుకుంటూ నడవండి. పెయింటర్ విప్పిన డిటెక్టర్ తల బేస్‌లో సరిగ్గా తిరగకుండా వేలాడుతుండవచ్చు. తల ఊడితే అక్కడితో లైను తెగినట్టే.

అన్నీ బిగుతుగా ఉంటే రెండో జోన్ తీగలు ప్యానెల్ దగ్గర విప్పి, ఆ టెర్మినళ్లకే నేరుగా చివరి రెసిస్టర్ (లైను తెగలేదని ప్యానెల్‌కి తెలిపేందుకు లైను చివర ఉండేది) పెట్టండి. విలువ ప్యానెల్ పుస్తకంలో ఉంటుంది. 4.7 కిలో ఓములది అయితే దాని మీద పసుపు, ఊదా, ఎరుపు పట్టీలుంటాయి. ఫాల్ట్ పోతే ప్యానెల్ బాగుంది, తెగింది లైనులో. అప్పుడు లైను మధ్యలో ఉన్న డిటెక్టర్ దగ్గర అదే రెసిస్టర్ పెట్టి చూడండి. ఇలా సగం సగం చేసుకుంటూ పోతే ఇరవై డిటెక్టర్ల లైనులోనైనా అయిదు ప్రయత్నాల్లో చోటు దొరుకుతుంది.

ఫోన్ల సంగతికి వస్తే, జోన్ తీగలకు ఏ స్మార్ట్ పరికరమూ తగిలించకండి. లైనులో కరెంటు మారి ప్యానెల్ తికమకపడుతుంది. ప్యానెల్లో ఫైర్ రిలే అని వేరే టెర్మినళ్లుంటాయి. వాటిలో కామన్, నార్మల్లీ ఓపెన్ రెండింటినీ బయటి తీగలు తీసుకునే జిగ్బీ (స్మార్ట్ పరికరాలు హబ్‌తో మాట్లాడుకునే వైర్‌లెస్ పద్ధతి) డోర్ సెన్సర్‌కి కలిపితే చాలు, వోల్టేజి ఏదీ అక్కర్లేదు. ఫాల్ట్ రిలేకి ఇంకో సెన్సర్ పెడితే ఈసారి పెయింటర్ తల విప్పిన రోజే తెలుస్తుంది.

కొత్త బ్యాటరీ వేసినా నిమిషానికోసారి కీచుమంటోంది.

పచ్చ లైటు ఆరి ఉంటే దానికి కరెంటే రావడం లేదు, ఎంసీబీ చూడండి. వెలుగుతుంటే కరెంటు ఆపి బ్యాటరీ తీసి, టెస్ట్ బటన్ 20 సెకన్లు నొక్కిపట్టి తర్వాత ఆల్కలైన్ బ్యాటరీ వేయండి. రిమోట్లలో వేసే చవక రకం పనికిరాదు. అప్పటికీ ఆగకపోతే వెనకనున్న తయారీ తేదీ చూడండి, పదేళ్లు దాటితే ఆ కీచు అలారం మార్చమని చెప్పడమే. అన్నట్టు, కీచుమనేది మీరు విప్పిందేనా? చాలాసార్లు శబ్దం పక్క గదిదై ఉంటుంది.

ఇంట్లో మోగుతుంది, ఫోన్‌కి మాత్రం రాత్రిళ్లు రాదు.

రాత్రే రావడం లేదంటే ముందు ఫోన్‌నే చూడాలి. యాప్‌కి బ్యాటరీ పొదుపు తీసేయండి, డూ నాట్ డిస్టర్బ్ ఉన్నా మోగే అనుమతి ఇవ్వండి. పడుకునే ముందు రౌటర్ ఆపే అలవాటు ఉంటే అదీ కారణమే. పగలు కూడా అప్పుడప్పుడు తప్పిపోతుంటే హబ్‌ను రౌటర్ పక్కనుంచి రెండు మీటర్లు జరపండి, వైఫైని 1వ చానెల్లో, జిగ్బీని 25వ చానెల్లో పెట్టండి. జిగ్బీ చానెల్ మార్చాక కొన్ని సెన్సర్లను మళ్లీ జత చేయాల్సి రావచ్చు, స్టూలు దగ్గర పెట్టుకుని మొదలుపెట్టండి.