జొన్నచొప్ప కప్పు, మట్టి గోడ: కురసావ్ ఇంటిపై పాఠకుల ప్రశ్నలు

పోయిన సంచికలో కరీబియన్ సముద్రంలోని కురసావ్ దీవి మట్టిల్లు బొమ్మ వేశాం. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఇక్కడ జవాబులు.

ప్రశ్న: ఆ ఇంటికి కప్పు జొన్నచొప్ప, గోడకు తెల్లసున్నం. మా మామిడితోటలో కాపలాకు అట్లాంటి గది ఒకటి కట్టుకోవాలని ఉంది. మన వానకు తట్టుకుంటుందా? ఎట్లా కట్టాలి?
– ఒక రైతు, పలమనేరు

జవాబు: తట్టుకుంటుంది. అయితే అక్కడ ఉన్నదాన్ని ఉన్నట్టే ఇక్కడ కడితే తట్టుకోదు. కురసావ్‌లో ఏడాదికి పడే వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. అక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముఖ్యమైన వానలు, మనకూ ఆ నెలల్లో వానలుంటాయి. తేడా ఎక్కడంటే, పెద్ద తుపానులు ఆ దీవి దాకా రావడం అరుదు. మనకు చెన్నై, నెల్లూరు మధ్య వాయుగుండం తీరం దాటిందంటే రెండు మూడు రోజులు ముసురు తప్పదు. మట్టి గోడ ఎండకు చెడదు. కింద పాదు తడిసి, పైనుంచి జల్లు కొట్టి చెడుతుంది. కాబట్టి పునాది, చూరు ఈ రెండింటి దగ్గర పిసినారితనం పనికిరాదు.

దీవిలో ఈ ఇళ్లు కట్టింది ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లు. 1863 జులై 1న బానిసత్వం రద్దయ్యాక వాళ్ల సంతతి కూడా చిన్న చిన్న కమతాల్లో ఇట్లాగే కట్టుకుంది. డోక్టర్‌స్టైన్ అనే ఊళ్లో అట్లాంటి ఇల్లొకటి ‘కాస్ డి పాలి మైషి’ పేరుతో మ్యూజియంగా ఉంది. గుంజలు నాటి, వాటి మధ్య సన్న కొమ్మలు అల్లి, పేడ, గడ్డి కలిపిన మట్టిని మెత్తుతారు. పైన సున్నం. మన తడికె గోడ పద్ధతే.

మీ గదికి ముందు అడుగున్నర ఎత్తున రాతికట్టు లేపండి. మీ వైపు రాతికి కరువు లేదు. మూడు నాలుగు అంగుళాల లావు గుంజల్ని రెండడుగులకొకటి చొప్పున, రెండడుగుల లోతుకు దించండి. భూమిలో ఉండే భాగాన్ని పైపైన కాల్చి, చల్లారాక తారు పూస్తే చెదలు త్వరగా ఎక్కవు. అల్లికకు వెదురు బద్దలైనా, వావిలి బరిగెలైనా సరే. బద్దకూ బద్దకూ మధ్య మూడు నాలుగు వేళ్ల సందు వదలాలి. సందు లేకుండా దట్టంగా అల్లితే మట్టికి పట్టు దొరకదు, ఎండాక పలకలు పలకలుగా ఊడిపోతుంది.

మట్టి ఎంపికకు ఒక పరీక్ష ఉంది. తడిపిన మట్టిని బొటనవేలు లావున చుట్ట చేసి, అరచేతి అంచు నుంచి మెల్లగా బయటికి తోయండి. రెండంగుళాల లోపే తెగితే ఇసుక ఎక్కువ. ఆరంగుళాలు దాటినా తెగకపోతే బంక ఎక్కువ, అది ఎండితే నెర్రెలిస్తుంది, ఇసుక కలపాలి. ఆ మధ్యలో తెగే మట్టి గోడకు పనికొస్తుంది. ఆరు తట్టల మట్టికి ఒక తట్ట పేడ, రెండంగుళాల ముక్కలుగా నరికిన వరిగడ్డి ఒకటిన్నర తట్ట. నీళ్లు పోసి తొక్కి, రెండు మూడు రోజులు నాననిచ్చి, మళ్లీ తొక్కాలి. ఈ నానబెట్టడం మానేసేవాళ్లే ఎక్కువ. గోడ బలం సగం అక్కడే పోతుంది.

ఇద్దరు మనుషులు గోడకు చెరో వైపు నిలబడి ఒకేసారి మెత్తితే మట్టి మధ్యలో కలిసి పట్టుకుంటుంది. వారం పది రోజులు ఎండనివ్వండి. నెర్రెలు వస్తాయి, కంగారు పడొద్దు. గోడను తడిపి, సన్నమట్టి, ఇసుక, పేడ కలిపిన రెండో పూత ఆ నెర్రెల్లోకి దిగేలా రుద్దండి. నెర్రెల్ని అట్లాగే వదిలేస్తే తేళ్లూ పురుగులూ చేరతాయి. పని జనవరిలో మొదలుపెడితే మంచిది. ఏప్రిల్ ఎండకు పైపొర ముందే బిగుసుకుని లోపల పచ్చిగా ఉండిపోతుంది.

చివరికి సున్నం: వారానికి తక్కువ కాకుండా నానబెట్టి, గుడ్డలో వడకట్టి, పల్చగా మూడు పూతలు వేయండి. ప్రతి పూతకూ ముందు గోడ తడపాలి. నాగజెముడు మట్టల్ని ముక్కలు చేసి రాత్రంతా నానబెట్టిన జిగురునీళ్లు కలిపితే సున్నం చేతికి అంటదు. ‘గట్టిగా ఉంటుంది’ అని మేస్త్రీ సిమెంటు పూత వేస్తానంటే మాత్రం ఒప్పుకోకండి. గోడలోని చెమ్మ బయటికి పోలేక సిమెంటు వెనకే మట్టి మెత్తబడి, ఓ వానాకాలం తర్వాత పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది.

కప్పుకు మీ దగ్గర జొన్నచొప్ప కంటే చెరకు సోగ సులువుగా దొరుకుతుంది. ఏదైనా పూర్తిగా ఎండాలి. వాలు 45 డిగ్రీలకు తగ్గకూడదు, మందం ఎనిమిది అంగుళాలు, చూరు గోడ దాటి రెండున్నర అడుగులు. చూరు దగ్గర మొదలుపెట్టి పైకి కప్పుకుంటూ పోవాలి.

ప్రశ్న: సర్కారు తుమ్మ ఆ దీవులదేనంటారు, నిజమా? గుంజలకు వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, పుంగనూరు

జవాబు: నిజమే. కురసావ్‌లో దాన్ని ‘ఇంజు’ అంటారు, అక్కడ అది సొంత చెట్టు. మన దగ్గరికి 1870ల చివర్లో జమైకా నుంచి విత్తనం తెప్పించి, కడప జిల్లా కమలాపురంలో నాటారు. తర్వాతి కథ మీ చెరువు కట్ట మీదే కనిపిస్తోంది! గుంజలకు వాడొచ్చు. పచ్చి కర్రకు పురుగు పడుతుంది కాబట్టి బెరడు తీసి, కొన్ని వారాలు నీళ్లలో నానేసి, నీడలో ఆరబెట్టాకే నాటండి.

ప్రశ్న: ఆ దీవిలో ఇళ్ల చుట్టూ తిరిగే ఇగ్వానా మన ఉడుమేనా?
– డిగ్రీ విద్యార్థి, తిరుపతి

జవాబు: కాదు. చూపుకు దగ్గరగా ఉన్నా తిండి వేరు. ఉడుము గుడ్లు, పురుగులు, ఎలుకల వంటివి తింటుంది. ఇగ్వానా ఆకులు, పూలు, పండ్లు తింటుంది. ఉడుము నాలుక పాములా చీలి పొడుగ్గా ఉంటుంది, ఇగ్వానాది మందంగా ఉంటుంది. ఇగ్వానా తోక తెగితే మళ్లీ పెరుగుతుంది, ఉడుముకు పెరగదు. అక్కడ ఇగ్వానా మాంసంతో పులుసు కాచుకోవడం పాత అలవాటు. మన దగ్గర ఉడుమును చంపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

ప్రశ్న: అక్కడి పొలాలకు జెముడు కంచె వేస్తారట. ఎట్లా వేస్తారు? గబ్బిలాలకూ దానికీ సంబంధం ఏమిటి?
– ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: నిటారుగా పెరిగే ‘దాతు’ అనే జెముడు కాండాల్ని నరికి వరసగా నాటితే వేళ్లు తన్నుకుని గోడలా పెరుగుతాయి. మేకలు దూరవు. మీరు ఏ జెముడుతో ప్రయత్నించినా నరికిన చోటు వారం పది రోజులు నీడలో ఎండి పక్కు కట్టాకే నాటండి. పచ్చి గాయంతో నాటి నీళ్లు పోస్తే మొదలు కుళ్లిపోతుంది.

ఈ జెముడు పూలు రాత్రి విచ్చుకుంటాయి. సున్నపురాతి గుహల్లో ఉండే రెండు రకాల గబ్బిలాలు తేనె కోసం వచ్చి పుప్పొడి మోస్తాయి. వాటి ఆధారంతోనే కాయ నిలుస్తుంది. కరువు నెలల్లో ఆ పండ్లే పక్షులకు, ఇగ్వానాలకు తిండి. ‘ప్రికిచి’ అనే చిలకలు కూడా వాటి మీద వాలతాయి. అవి చెట్ల మీది చెదపుట్టల్ని తొలిచి గూడు పెడతాయి, జొన్న కంకి పాలు పట్టే వేళకు చేలమీద పడతాయి. ఆ విషయంలో మాత్రం అక్కడి రైతుకూ మన రైతుకూ ఏ తేడా లేదు.