సొంత కారులో లద్దాఖ్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం లద్దాఖ్ దారి గురించే. ఒకే రకం ప్రశ్నల్ని కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: జూన్ మూడో వారంలో హైదరాబాద్ నుంచి రెండు జంటలం మా పెట్రోలు కారులో లద్దాఖ్ వెళ్దామనుకుంటున్నాం. 14 రోజుల సెలవు దొరికింది. ఢిల్లీ మీదుగా మనాలి, అక్కణ్నుంచి రెండు రోజుల్లో లేహ్, అదే దారిన వెనక్కి. నుబ్రా లోయ, పాంగాంగ్ సరస్సు రెండూ చూడాలి. కుదురుతుందా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: కుదరదు. రోజులు చాలవు, పైగా వెళ్లే దిక్కు కూడా తిరగేయాలి.

ముందు దిక్కు సంగతి. మనాలి 2,050 మీటర్ల ఎత్తులో ఉంది. లేహ్‌కి రెండు రోజుల్లో చేరాలని బయల్దేరినవాళ్లు సాధారణంగా మొదటి రాత్రి సర్చు గుడారాల్లో పడుకుంటారు. ఆ చోటు దాదాపు 4,300 మీటర్లు. పడుకునే ఎత్తు ఒక్క రోజులో 2,200 మీటర్లకు పైగా పెరిగిందన్నమాట. 3,000 మీటర్లు దాటాక రాత్రికి 500 మీటర్లకు మించి పెంచుకోకూడదన్నది వైద్యులు చెప్పే లెక్క. సర్చులో అర్ధరాత్రి తలనొప్పి, వాంతులు మొదలైతే కిందికి దిగడానికి ఎటు వెళ్లినా కనుమ ఎక్కే దిగాలి. అందుకే శ్రీనగర్ వైపు నుంచి ఎక్కి మనాలి వైపు దిగండి. శ్రీనగర్ 1,600 మీటర్ల లోపే. మర్నాడు జోజిలా కనుమ (3,528 మీటర్లు) దాటినా రాత్రికి కార్గిల్‌లో 2,700 మీటర్ల దగ్గర పడుకుంటారు. ఆ తర్వాతి రాత్రి లేహ్, 3,500 మీటర్లు. ఇదీ పెద్ద మెట్టే, కాబట్టి లేహ్‌లో రెండు పూర్తి రోజులు బజారు దాటి వెళ్లకండి. ఖర్దుంగ్‌లా కనుమ మీద ఫొటో ఎక్కడికీ పోదు.

ఇక రోజుల లెక్క. ఆదిలాబాద్ మీదుగా పోయే మన 44వ నంబరు జాతీయ రహదారే శ్రీనగర్ దాకా వెళ్తుంది, దారి వెతుక్కునే పని తక్కువ. నాగపూర్, ఝాన్సీ, పానిపట్, జమ్మూ, శ్రీనగర్, కార్గిల్, లేహ్: ఏడు రోజులు. ఢిల్లీ నగరంలోకి దిగకుండా పల్వల్ దగ్గర ఈస్టర్న్ పెరిఫెరల్ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి కుండ్లీ దగ్గర దిగితే సగం పూట మిగులుతుంది. లేహ్‌లో విశ్రాంతికి రెండు రోజులు, నుబ్రా–పాంగాంగ్ చుట్టుకు నాలుగు, తిరుగు ప్రయాణానికి ఆరు. కొండచరియ పడి రోడ్డు మూసేస్తే కూర్చోవడానికి రెండు. మొత్తం 21. ఆ చివరి రెండు రోజుల్ని మాత్రం కోసేయకండి. రోడ్డు మూసిన రోజున, తిరిగి ఆఫీసులో చేరాలన్న కంగారుతో రాత్రిపూట ఘాట్ ఎక్కేవాళ్లే ప్రమాదంలో పడేది.

సెలవు 14 రోజులే అయితే కారు ఇంట్లో పెట్టి శ్రీనగర్ దాకా విమానంలో వెళ్లండి. అక్కడి టాక్సీలో కార్గిల్ మీదుగా లేహ్ చేరి, తిరిగి లేహ్ నుంచే విమానం ఎక్కండి. ఢిల్లీలోనో చండీగఢ్‌లోనో సెల్ఫ్ డ్రైవ్ కారు అద్దెకు తీసుకుందామని మాత్రం అనుకోవద్దు. బయటి అద్దె బండ్లు కనిపిస్తే లద్దాఖ్ టాక్సీ యూనియన్ వాళ్లు ఆపేస్తారు. సొంత కారుకి ఆ గొడవ లేదు. ఆర్సీ నాన్నగారి పేరో తమ్ముడి పేరో అయితే వాళ్ల సంతకంతో ఒక ఉత్తరం, గుర్తింపు కార్డు నకలు దగ్గర ఉంచుకోండి, బండి అద్దెది కాదని చూపించడానికి.

జోజిలా దగ్గర కొన్ని వేళల్లో ఒకవైపు బండ్లనే వదులుతారు. సోనమర్గ్ చెక్‌పోస్టుకి పొద్దున్నే చేరండి. అమర్‌నాథ్ యాత్ర నడిచే రోజుల్లో జమ్మూ నుంచే కాన్వాయ్‌ల కోసం బండ్లను ఆపుతారు, ఆ తేదీలు చూసుకుని బయల్దేరండి.

ప్రశ్న: మాది 1.2 లీటర్ల పెట్రోలు బండి, టర్బో లేదు. ఎక్కుతుందా? ఏమేం మార్పించాలి?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఎక్కుతుంది. కాకపోతే లేహ్ ఎత్తులో గాలి పలచన, ఇంజిన్ బలం మూడో వంతు పోతుంది. 5,328 మీటర్ల తంగ్లంగ్‌లా మీద దాదాపు సగమే మిగులుతుంది. టర్బో ఉన్న బండికి ఈ నష్టం తక్కువ. బలం తగ్గిందని తెలియక మలుపుల్లో రెండో గేరులో హాఫ్ క్లచ్ మీద లాగేవాళ్ల క్లచ్ ప్లేటు కొండ మీదే కాలిపోతుంది. మాడిన వాసన వస్తే ఆగి అరగంట చల్లారనివ్వండి. హెయిర్‌పిన్ మలుపుకి ముందే మొదటి గేరు వేసి, క్లచ్ మీంచి కాలు పూర్తిగా తీసి, ఏసీ ఆపి ఎక్కండి. 60 వేల కిలోమీటర్లు తిరిగిన క్లచ్ అయితే బయల్దేరే ముందు మెకానిక్‌కి చూపించండి.

దిగేటప్పుడు బ్రేకు నొక్కి పట్టుకోకండి. ఎక్కడానికి ఏ గేరు పట్టిందో దిగడానికీ అదే గేరు. బ్రేక్ ఆయిల్ రెండేళ్ల పాతదైతే మార్చాలి. అది తేమ పీల్చుకుంటుంది, వేడెక్కితే ఆ తేమ ఆవిరై పెడల్ మెత్తగా కిందికి పోతుంది. కూలెంట్‌లో మామూలు నీళ్లు కలిపి ఉంటే తీయించి సరైన మిశ్రమం పోయించండి, ఆ ఎత్తులో ఉత్త నీళ్లు త్వరగా మరుగుతాయి.

టైర్ల గాలి గురించి చాలామంది అడిగారు. బయటి పీడనం తగ్గడం వల్ల హైదరాబాద్‌లో 33 చూపిన టైరు లేహ్‌లో 37 దాకా చూపొచ్చు. చలికి కొంత తగ్గుతుంది కూడా. కాబట్టి లేహ్‌లో పొద్దున టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొలిచి, కంపెనీ చెప్పిన అంకెకి సరిచేయండి. తిరిగి మైదానానికి దిగాక మళ్లీ నింపడం మరవద్దు. స్టెప్నీ, పంక్చర్ కిట్, 12 వోల్టుల గాలి పంపు తప్పనిసరి.

ప్రశ్న: పెట్రోలు డబ్బాలు ఎన్ని మోసుకెళ్లాలి?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: నిజానికి ఒకటి చాలు. మనాలి దారిలో టాండి పంపు దాటాక తర్వాతి పంపు 365 కిలోమీటర్ల దూరమని పెద్ద బోర్డు పెట్టారు, దాన్ని చూసే అందరూ భయపడేది. లేహ్ నుంచి వచ్చే మీరు లేహ్‌లోనో, దారిలో కారూ అనే ఊళ్లోనో ట్యాంకు నింపుకుంటారు. ఎక్కుడు దారిలో లీటరుకి 12 కిలోమీటర్లే వచ్చినా 40 లీటర్లకు 480 వెళ్లొచ్చు. డబ్బా అవసరపడేది నుబ్రా నుంచి ష్యోక్ మీదుగా పాంగాంగ్ వెళ్లి లేహ్‌కి తిరిగొచ్చే చుట్టులో. దిస్కిత్ దగ్గర పంపు ఉంది కానీ సరుకు ఉంటుందన్న భరోసా లేదు. 10 లీటర్ల ఇనుప జెర్రీక్యాన్, అంచు దాకా కాకుండా పైన కొంత ఖాళీ ఉంచి నింపండి. ప్లాస్టిక్ డబ్బా ఎత్తుకి ఉబ్బుతుంది, మూత దగ్గర కారుతుంది.

ప్రశ్న: రోడ్డు మీదుగా పారే నీళ్లలో కారు దింపాల్సి వస్తే?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: వీటిని అక్కడ నాలాలంటారు. నీళ్లు మంచు కరిగి వచ్చేవి, అందుకే ఎండ ముదిరేకొద్దీ ఉరవడి పెరుగుతుంది. పొద్దున పది లోపు పాదం మునిగే నాలా మధ్యాహ్నం మూడింటికి మోకాలి లోతు కావచ్చు. లేహ్‌లో తెల్లవారుజామున అయిదింటికే బయల్దేరమనడం ఇందుకే. అలా వెళ్తే పాంగ్, సర్చుల్లో పడుకోకుండా సాయంత్రానికి జిస్పానో కేలాంగ్‌నో అందుకోవచ్చు. అక్కణ్నుంచి మనాలికి దారి సులువే. 2020 అక్టోబరులో తెరిచిన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం వల్ల రోహ్‌తాంగ్ ఎక్కే పని తప్పింది.

నాలా దగ్గర ఆగి, ముందు ఒక లారీ దాటేదాకా చూడండి. దాని చక్రాల మధ్యకి నీళ్లు అందితే మీ కారు దించొద్దు. దిగితే మొదటి గేరు, ఒకే వేగం, మధ్యలో గేరు మార్చడం గానీ యాక్సిలరేటర్ వదలడం గానీ లేదు. బండి నీళ్లలో ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి. లోపలికి పోయిన నీళ్లు సిలిండర్‌లో అణగవు, కనెక్టింగ్ రాడ్ వంగి ఇంజినే పోతుంది. లారీవాళ్లని తాడు అడగండి, ఆ దారిలో కాదనేవాళ్లు అరుదు.

ప్రశ్న: డాలస్ నుంచి మా అమ్మాయి వస్తోంది, అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు ఉన్నాయి. పర్మిట్లు ఎలా? ఫోన్లు పనిచేస్తాయా? మావారికి బీపీ ఉంది.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: భారతీయులకు నుబ్రా, పాంగాంగ్‌ల కోసం ఇన్నర్ లైన్ పర్మిట్ 2021 ఆగస్టు నుంచి అక్కర్లేదు. పర్యావరణ రుసుము కట్టి రసీదు, ఆధార్ నకళ్లు నాలుగైదు ఉంచుకోండి. మీ అమ్మాయి విషయం వేరు. ఓసీఐ ఉన్నా విదేశీ పాస్‌పోర్టు కాబట్టి ప్రొటెక్టెడ్ ఏరియా పర్మిట్ కావాలి. లేహ్‌లో రిజిస్టరైన ట్రావెల్ ఏజెంట్ ద్వారా తీసుకోవాలి. విశ్రాంతి రోజుల్లో ఆ పని చూసుకోవచ్చు.

మన దగ్గరి ప్రీపెయిడ్ సిమ్ జమ్మూకశ్మీర్‌లోకి, లద్దాఖ్‌లోకి వెళ్లగానే మూగబోతుంది. పోస్ట్‌పెయిడ్ పనిచేస్తుంది. రెండు వారాల ముందే ఇంట్లో రెండు ఫోన్లను వేర్వేరు కంపెనీల పోస్ట్‌పెయిడ్‌కి మార్పించండి. మ్యాపులు ముందే దించుకోండి.

మీవారిని డాక్టరుకి చూపించాకే టికెట్ల సంగతి. ఎత్తు జబ్బు రాకుండా వాడే ఎసిటజోలమైడ్ (డయామాక్స్) గురించి అప్పుడే అడగండి, సల్ఫా మందులు పడవని ఉంటే తప్పక చెప్పండి. అది వాడితే వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువ వస్తుంది, కంగారుపడకండి. మొదటి రాత్రులు మద్యం, నిద్రమాత్రలు వద్దు. మామూలు తలనొప్పి విశ్రాంతితో తగ్గుతుంది. నడక తూలినా, మాట తడబడినా, కూర్చున్నా ఆయాసం వచ్చినా అది వేరే సంగతి. ఆక్సిజన్ సిలిండర్ పెట్టి తెల్లారేదాకా చూద్దామనుకోకుండా, రాత్రయినా సరే ఆసుపత్రికో కింది ఎత్తుకో తీసుకెళ్లాలి.

ప్రశ్న: అన్నం లేనిదే మాకు గడవదు. చిన్న స్టవ్ తీసుకెళ్తే వండుకోవచ్చా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: గిన్నెలో కుదరదు. లేహ్‌లో నీళ్లు సుమారు 88 డిగ్రీలకే మరుగుతాయి. బియ్యం పలుకుగానే ఉంటుంది, కందిపప్పు ఎంతసేపు కాచినా మెదగదు. చిన్న ప్రెషర్ కుక్కర్ పట్టుకెళ్లండి. అందులోనూ వేడి ఇంట్లో ఉన్నంత రాదు కాబట్టి నాలుగైదు నిమిషాలు అదనంగా ఉంచాలి. పప్పుకి బదులు పులిహోర పులుసు, కందిపొడి, నెయ్యి ఉంటే గ్యాసు మిగులుతుంది. చలిగా ఉందని గుడారంలోనో, అద్దాలు మూసిన కారులోనో మాత్రం స్టవ్ వెలిగించవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. దానివల్ల వచ్చే తలనొప్పి అచ్చం ఎత్తు జబ్బు తలనొప్పిలాగే ఉంటుంది.